శరీర ద్రవ్యరాశి సూచిక: దాని ప్రయోజనమును, పరిమితియును

ఆరోగ్యమే మహాభాగ్యమను మాట నెఱుగనివారు లేరు. కాని ఆ భాగ్యము తమకు ఎంత కలదో లెక్క చూచుకొనుటకు మన పూర్వులకు సాధనములు తక్కువ. అన్నము అరుగుచున్నదా, నిద్ర పట్టుచున్నదా, ఒంటికి పుష్టి యున్నదా యని విచారించి వారు తృప్తిపడెడివారు. నేడు వైద్యశాలకు వెళ్లినను, మందుల దుకాణము ముంగిట నున్న బరువు యంత్రము నెక్కినను ఒక సంఖ్య మన చేతికి వచ్చుచున్నది. దానిని ఆంగ్లమున బాడీ మాస్ ఇండెక్స్ అనియు, పొట్టిగా బి.ఎం.ఐ. అనియు, తెలుగున శరీర ద్రవ్యరాశి సూచిక యనియు పిలుచుచున్నారు.

ఈ సంఖ్యను గూర్చి మూడు విధములైన అపోహలు మా చుట్టుప్రక్కల మేము చూచుచున్నాము. కొందఱు దానిని న్యాయాధిపతి తీర్పుగా నెంచి దిగులుపడి భోజనము మానుకొనుచున్నారు. మఱికొందఱు సంఖ్య మంచిదిగానే వచ్చెనని నిశ్చింతులై, నడుము చుట్టుకొలత యేటేట పెరుగుచున్నను వైద్యుని కడకు పోకున్నారు. ఇక పిల్లలందఱో, తోడివారి బరువును వారికి మారుపేరుగా పెట్టి నవ్వుకొనుచున్నారు. ఈ మూడింటికిని మూలము ఒక్కటే: ఆ సంఖ్య యేమి చెప్పగలదో, యేమి చెప్పజాలదో తెలియకపోవుట. కావున విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఉపయోగపడునట్లు ఆ సంగతిని విశదీకరింప నుద్దేశించినాము.

మొదట దానిని గణించు విధము. మనుష్యుని బరువును కిలోగ్రాములలోను, ఎత్తును మీటర్లలోను తీసికొనవలెను. ఎత్తును ఎత్తుచేతనే గుణించి, వచ్చిన లబ్ధముచేత బరువును భాగింపవలెను. భాగఫలమే సూచిక. 160 సెంటీమీటర్ల యెత్తును, 64 కిలోల బరువును గల యొకరిని తలంపుడు. 1.60ని 1.60చే గుణించిన 2.56 వచ్చును. 64ను 2.56చే భాగించిన 25 వచ్చును. ఆ వ్యక్తి సూచిక 25. అయిదవ తరగతి బాలుడు సైతము చేయదగిన లెక్క యిది.

మఱియొక యుదాహరణము. భారతీయుల ఆహారావసరములను నిర్ణయించుటకై 2020 సంవత్సరమున హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు ఆదర్శ పురుషుని యెత్తు 177 సెంటీమీటర్లనియు, బరువు 65 కిలోలనియు గ్రహించిరి. ఆదర్శ స్త్రీ యెత్తు 162 సెంటీమీటర్లు, బరువు 55 కిలోలు. ఇరువురి బరువులకును 10 కిలోల భేద మున్నది. అయినను లెక్క వేసి చూచిన ఇరువురి సూచికయు ఇంచుమించు 21 మాత్రమే. పొడుగువారిని పొట్టివారితో సరిపోల్చుటకు వీలు కలిగించుటయే ఈ సూచిక యొక్క ముఖ్య ప్రయోజనమని దీనివలన తెలియుచున్నది.

ఎత్తును ఒకసారి గాక రెండుసారులు ఏల గుణింపవలెనని చదువరులు అడుగవచ్చును. దీనికి ఉత్తరము బెల్జియము దేశస్థుడైన అడోల్ఫ్ కెటెలే యిచ్చెను. ఆయన ఖగోళ శాస్త్రజ్ఞుడు, గణాంకవేత్త. నక్షత్రముల గతులను లెక్కించినట్లే మనుష్యుల కొలతలను గూడ లెక్కించి, జనసామాన్యములో సగటు మనుష్యు డెట్లుండునో కనుగొనవలెనని పూనెను. ఘనాకారముగల పెట్టె అన్ని దిక్కులను సమముగా పెరిగినచో దాని బరువు ఎత్తు యొక్క ఘనమును బట్టి పెరుగును. మనుష్యుడు అట్లు పెరుగడు. పొడుగువాడు పొట్టివానికంటె అదే పాళ్లలో వెడల్పుగా నుండడు. వయస్సు వచ్చినవారి బరువు, ఎత్తు యొక్క వర్గమును బట్టి మారుచుండునని కెటెలే 1832 ప్రాంతమున గుర్తించెను. ఆయనకు స్థూలకాయమును గూర్చిన చింత లేదు. ఏ యొక్క రోగికిని చికిత్స చేయుటకు ఆయన ఈ సూత్రమును చెప్పలేదు. ఇది గుర్తుంచుకొనదగిన సంగతి.

తరువాత నూట నలువది సంవత్సరములకు, 1972లో, అమెరికా దేశపు ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును అయిదు దేశములకు చెందిన ఏడువేలకు పైబడిన పురుషుల కొలతలను పరిశీలించి, కొవ్వును అంచనా వేయుటకు అప్పుడున్న బరువు-ఎత్తు సూత్రములలో కెటెలే సూత్రమే తక్కువ దోషము గలదని తేల్చి, దానికి బాడీ మాస్ ఇండెక్స్ అను పేరు పెట్టిరి. వారు కొలిచినవారిలో స్త్రీలు లేరు, భారతీయులును లేరు. తక్కువ దోషము గలదన్నారే గాని దోషము లేనిదని వారు చెప్పలేదు.

ఈ సూత్రము మన దేశమున ఆకలిని కొలుచుటకే విశేషముగా ఉపయోగపడెను. ఆ చరిత్రలో మన నగరమునకు ఘనమైన స్థాన మున్నది. 1918 సంవత్సరమున కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి విచారించుటకై ఒక చిన్న పరిశోధనశాలను స్థాపించెను. అది క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను నామమును పొందెను. దోమలగూడ నుండి నారాయణగూడ, విద్యానగరముల మీదుగా తార్నాక వైపు పోవువారు ఉస్మానియా విశ్వవిద్యాలయము దాపున ఆ సంస్థను చూడవచ్చును. 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థకు ఇదియే కేంద్రస్థానముగా నుండెను. ఆ సంస్థ పరిశోధకులు త్రాసును, కొలతబద్దను చేతబట్టుకొని అనేక రాష్ట్రముల పల్లెలలో ఇల్లిల్లు తిరిగి, పేదలు ఏమి తినుచున్నారో, వారి బరువు ఎత్తు లెంతయో వ్రాసికొనిరి.

1988లో కొందఱు అంతర్జాతీయ నిపుణులు పెద్దలలో దీర్ఘకాలిక ఆహారలోపమును గుర్తించుటకు ఈ సూచికనే గ్రహించి మెట్లు కట్టిరి. 18.5కు తక్కువైనచో లోపమున్నట్లు. 17కు తక్కువైనచో అది మధ్యరకము. 16కు తక్కువైనచో తీవ్రము. రక్తము తీయ నక్కఱ లేదు, యంత్రములు మోసికొనిపోవ నక్కఱ లేదు. త్రాసును, బద్దయు ఉన్న చాలును. ఏ జిల్లాలో పస్తులు ఎక్కువగా నున్నవో, ఎక్కడ ఆహారసహాయము కావలెనో దీనివలన తేటపడుచుండెను. ఒక గ్రామమును లేక ఒక జిల్లాను గూర్చి తెలిసికొనుటకు ఇంతకంటె చౌకయైన సాధనము లేదని చెప్పవచ్చును.

కాలము మారినది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 2005-06లో మన దేశమున 15 మొదలు 49 సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో నూటికి 35.5 మంది 18.5కు తక్కువ సూచిక గలవారు. 25గాని అంతకు మించిగాని గలవారు 12.6 మంది. 2019-21 నాటికి బక్కవారు 18.7 మంది, అధిక బరువు గలవారు 24 మంది. పదునైదేండ్లలో త్రాసు ముల్లు ఒక వైపునుండి మఱియొక వైపునకు ఒరిగినది. అయినను ఆకలి పోలేదు. ఒకే వీధిలో, ఒక్కొక్కప్పుడు ఒకే యింటిలో, ఈ రెండును కలిసియున్నవి.

మన పరిసరములనే చూడుడు. అశోక్ నగర్ వీధులలో పోటీ పరీక్షలకు చదువుకొను యువకులు వేలకొలది కలరు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున ఉదయము కూర్చున్నవారు రాత్రికి గాని లేవరు. చౌకయని ఒక పూట బజ్జీలతోను, వేళ దాటినదని ఒక పూట టీ బిస్కత్తులతోను సరిపెట్టుకొనువారు వారిలో ననేకులు. ఊరినుండి బక్కపలుచగా వచ్చినవాడు రెండు మూడేండ్లకు చేతులు కాళ్లు సన్నగనే యుండి పొట్ట మాత్రము ముందుకు వచ్చి కనబడుచున్నాడు. అట్టివాడు బరువు యంత్రము నెక్కినచో సూచిక 22 అని చూపవచ్చును. అతడు సంతోషించి దిగిపోవును. ఆ సంతోషమునకు ఆధారము చాలదని చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ముఖ్యోద్దేశము.

ఏలయనగా, సూచిక బరువును మాత్రమే యెఱుగును. ఆ బరువు ఎముకదో, కండదో, కొవ్వుదో, నీటిదో అది యెఱుగదు. ఆ కొవ్వు చర్మము క్రింద నున్నదో, ఉదరములోని అవయవముల చుట్టును పేరుకొనియున్నదో అసలే యెఱుగదు. దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతము ఒకటి కలదు. పూనా నగరపు వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ గారును, లండను నగరపు వైద్యుడు జాన్ యుడ్కిన్ గారును 2004 సంవత్సరమున లాన్సెట్ అను వైద్యపత్రికలో తమ యిరువురి ఛాయాచిత్రమును ప్రకటించిరి. ఇరువురి సూచికయు 22.3. కాని శరీరములోని కొవ్వును యంత్రముతో కొలిచి చూడగా యుడ్కిన్ గారికి నూటికి 9.1 పాళ్లును, యాజ్ఞిక్ గారికి నూటికి 21.2 పాళ్లును ఉండెను. సంఖ్య ఒకటే, దేహములు వేఱు. భారతీయులలో సన్నని శరీరములందు సైతము కండ తక్కువగను, కొవ్వు ఎక్కువగను ఉండుట సామాన్యమని పరిశోధకులు పలుమారు చూపియున్నారు. మధుమేహము మనవారికి పాశ్చాత్యులకంటె తక్కువ బరువుననే, తక్కువ వయస్సుననే సంక్రమించుటకు ఇది ఒక కారణము.

కావుననే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సామాన్యముగా వాడు 25, 30 అను హద్దులను అట్లే యుంచి, ఆసియా వాసుల విషయమున 23 వద్దనే జాగ్రత్తపడవలెననియు, 27.5 వద్ద అపాయము అధికమనియు సూచించిరి. భారతదేశపు వైద్యులు 2009లో కూడి, 18 మొదలు 22.9 వఱకు సరియైనది, 23 మొదలు 24.9 వఱకు అధిక బరువు, 25 మొదలుకొని స్థూలకాయము అని మనవారికై నిర్ణయించిరి. 160 సెంటీమీటర్ల యెత్తు గలవారికి 23 అనగా సుమారు 59 కిలోలు.

సూచిక పట్టుకొనలేని దానిని దర్జీవాని టేపు పట్టుకొనుచున్నది. పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లును, స్త్రీలకు 80 సెంటీమీటర్లును మీఱరాదని మన వైద్యులు చెప్పుచున్నారు. నడుము కొలత ఎత్తులో సగము దాటకుండవలెననుట మఱియొక సులభమైన గుర్తు. భారత వైద్య పరిశోధన మండలి వారు 2008 మొదలు 2020 వఱకు దేశమంతట లక్షా పదుమూడు వేలమందిని పరీక్షించి 2023లో ప్రకటించిన ఫలితములలో, సూచికను బట్టి స్థూలకాయులు నూటికి 28.6 మంది కాగా, నడుము కొలతను బట్టి ఉదరమున కొవ్వు గలవారు 39.5 మంది. సూచికను మాత్రమే నమ్ముకొన్నచో ఎందఱు జారిపోవుదురో ఈ రెండు సంఖ్యల నడిమి భేదమే చెప్పుచున్నది.

దీనికి ప్రతికూలమైన పొరపాటును కలదు. మన దోమలగూడలోనే ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల యున్నది. హైదరాబాదు తాలీంఖానాలు పహిల్వానులకు పెట్టినది పేరు. దండీలు, బస్కీలు తీసి కండలు పెంచిన యువకుని సూచిక 27 వచ్చినను అతడు స్థూలకాయుడు కాడు, ఏలయనగా కండ కొవ్వుకంటె సాంద్రత గలది. వృద్ధులయందు కండ కరగి, వెన్ను వంగి, ఎత్తు తగ్గుటవలన సూచిక తప్పుదారి పట్టించును. గర్భవతులకును, కాళ్లు ముఖము నీరు పట్టిన రోగులకును ఈ లెక్క చెల్లదు.

లోపలి ఆరోగ్యమునకును, పైకి కనబడు ఆకారమునకును గల సంబంధమును గూర్చి మన నగర సమీపముననే జరిగిన యొక గొప్ప పరిశోధనను ఇచట పేర్కొనవలెను. 1987 మొదలు 1990 వఱకు హైదరాబాదు దాపున నున్న 29 గ్రామములలో కొన్నింటియందు గర్భిణులకును, ఆఱేండ్ల లోపు శిశువులకును ఉప్మా రూపమున పోషకాహారము పెట్టబడెను. తక్కిన గ్రామములలో ఆ యేర్పాటు అప్పటికి లేకుండెను. ఆ శిశువులు పెరిగి కౌమారప్రాయులైన పిదప, 2003-05లో పోషకాహార సంస్థ వారు ఇతర శాస్త్రజ్ఞులతో కలిసి వారిని మరల పరీక్షించిరి. ఆహారము లభించిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగుగా నుండిరి. కొవ్వు పాళ్లలో మాత్రము చెప్పదగిన భేదము కానరాలేదు. అయినను వారి శరీరములు ఇన్సులినును మెఱుగుగా ఉపయోగించుకొనుచుండెను. వారి రక్తనాళములు ఎక్కువ మెత్తదనము కలిగియుండెను. తల్లి కడుపులో నుండగా దొరకిన ఒక్క దొన్నెడు ఉప్మా మేలు పదునైదేండ్ల తరువాత రక్తనాళములలో కనబడెను గాని త్రాసుమీద కనబడలేదు.

ఇక మా పాఠశాల తల్లిదండ్రులు మిక్కిలి శ్రద్ధతో గమనింపవలసిన సంగతి యొకటి. పైన చెప్పిన హద్దులన్నియు పెద్దలకే. పిల్లలకు అవి పనికిరావు. శిశువు మొదటి సంవత్సరమున బొద్దుగా నుండి, నడక వచ్చి పరుగులెత్తు ప్రాయమున సన్నబడి, ఆఱేండ్ల పిదప క్రమముగా మరల కండపట్టును. కావున సూచిక వయస్సును బట్టియు, ఆడుబిడ్డయో మగబిడ్డయో యనుదానిని బట్టియు మారుచుండును. పదేండ్ల పిల్ల యెత్తు 138 సెంటీమీటర్లు, బరువు 30 కిలోలు అనుకొందము. సూచిక 15.8కు కొంచెము తక్కువ వచ్చును. పెద్దల పట్టికలో చూచిన తల్లి, బిడ్డకు తీవ్రమైన ఆహారలోపమున్నదని భయపడును. నిజమునకు ఆ పిల్ల ఆరోగ్యముగానే యున్నది. అదే యెత్తుగల పదేండ్ల పిల్ల 42 కిలోలు తూగినచో సూచిక 22. పెద్దల పట్టిక దానిని చక్కనిదని చెప్పును. కాని ఆ వయస్సునకు అది అధిక బరువు గీతను దాటిన సంఖ్య. ఇందుకై ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు 2007లో అయిదు మొదలు పందొమ్మిదేండ్ల వఱకును, భారతీయ బాలవైద్యుల సంఘము వారు 2015లో అయిదు మొదలు పదునెనిమిదేండ్ల వఱకును ప్రత్యేక పటములు సిద్ధపఱచియున్నారు. బాలవైద్యుల వద్ద అవి దొరకును. ఒక్కనాటి కొలతకంటె, ఆఱు నెలలకొకసారి గుర్తించిన చుక్కలను కలిపినప్పుడు ఏర్పడు గీత పిల్లవాని యెదుగుదలను బాగుగా తెలుపును.

కొలుచుటలో అజాగ్రత్త పనికిరాదు. 58 కిలోల మనుష్యుని యెత్తు 160 సెంటీమీటర్లైనచో సూచిక 22.7, కొలిచినవాడు పొరపాటున 158 అని వ్రాసినచో 23.2. రెండు సెంటీమీటర్ల తప్పుతో మంచి బరువు కాస్త అధిక బరువైపోయినది. కావున చెప్పులు, జోళ్లు విడిచి, మడమలును వీపును గోడకు ఆనించి, చూపు తిన్నగా నిలిపి ఎత్తు చూడవలెను. పుస్తకముల సంచి దించి, జేబులు ఖాళీ చేసి, సమమైన నేలపై త్రాసు నుంచి బరువు చూడవలెను. నడుము కొలత లాగుకట్టు చోట కాదు. చివరి ప్రక్కటెముకకును తుంటి యెముకకును నడుమ, మెల్లగా ఊపిరి విడిచిన పిమ్మట, టేపు ఒత్తకుండ తీయవలెను.

సంఖ్య వచ్చిన తరువాత ఏమి చేయవలెను? వైద్యులు దీనిని స్క్రీనింగు అందురు. అనగా జల్లెడ పట్టుట. ఇంటిలో తల్లి పిండి జల్లించునప్పుడు పైన మిగిలినదంతయు పాఱవేయదు. చేతితో చూచి, పనికివచ్చునది ఏరి, రాయి రప్ప తీసివేయును. క్రిందికి దిగిన పిండిలో సన్నని యిసుక ఉండవచ్చునని ఆమెకు తెలియును. సూచికయు అట్టిదే. అది హద్దు దాటినచో వ్యాధి యున్నదని కాదు, విచారింపవలెనని అర్థము. అది హద్దులోపల నున్నను తల్లిదండ్రులకు మధుమేహ మున్నవారును, పొట్ట పెరిగినవారును రక్తపరీక్ష మానరాదు. నడుము కొలత, రక్తపుపోటు, రక్తములోని చక్కెర, కొవ్వు, వీటిని చూచిన పిదపనే వైద్యుడు నిర్ణయము చెప్పును. 2018 మొదలు మన నగరమున నెలకొల్పబడిన బస్తీ దవాఖానాలలో పేదలు సైతము పోటును, చక్కెరను చూపించుకొనవచ్చును. స్థూలకాయమును ఈ సూచిక నొక్కదానిని బట్టి నిర్ణయింపరాదనియు, నడుము కొలతతోగాని కొవ్వును నేరుగా కొలిచిగాని ధ్రువపఱచుకొనవలెననియు 2025 ఆరంభమున అంతర్జాతీయ వైద్యనిపుణుల సంఘ మొకటి లాన్సెట్ వర్గమునకు చెందిన యొక పత్రికలో ప్రకటించినది.

సంఖ్యను తగ్గించుటకై పస్తులుండుట యుక్తము కాదు. ఎదుగు వయస్సున భోజనము మానిన బాలిక కొవ్వుతోపాటు కండను, ఎముక బలమును, రక్తమును గూడ పోగొట్టుకొనును. పప్పు, ఆకుకూరలు, గ్రుడ్డు, పాలు, జొన్నరొట్టె, పండ్లు కడుపార తినవలెను. నూనెలో వేగినవియు, తీపి పానీయములును తగ్గింపవలెను. దినమునకు ఒక గంట ఆడవలెను. ఇందిరా పార్కు మన యింటిముంగిటనే యున్నది. అచట తెల్లవారుజామున నడచుచున్న తాతలను, అవ్వలను చూచి వారి మనుమలు నేర్చుకొనదగినది చాల యున్నది.

తుదకు మా విద్యార్థులతో ఒక మాట. కెటెలే సగటు మనుష్యుని వెదకెను. మన తరగతిలో సగటు మనుష్యుడు ఒక్కడును లేడు. ప్రతివాడును తన తల్లిదండ్రుల యెముకలతో, తన యింటి అన్నముతో, తన బాల్యపు జ్వరములతో పెరిగినవాడు. పాఠశాలలో ఎత్తు బరువులు చూచునప్పుడు ఒకరి సంఖ్య మఱియొకరు చదువరాదు; ఉపాధ్యాయులును దానిని పదిమంది యెదుట పైకి చెప్పరాదు. బొద్దువాడనియు, పుల్ల యనియు పేరు పెట్టబడిన పిల్ల మఱునాడు త్రాసు నెక్కుటకు వెనుదీయును; వెనుదీసిన పిల్లకు కావలసిన సహాయము అందకపోవును. తల్లిదండ్రులు వచ్చిన సంఖ్యను ఒక చిన్న పుస్తకములో తేదీతో వ్రాసియుంచి, వైద్యుని కడకు పోయినప్పుడు చూపింపవలెను. ఆ సంఖ్యవలన కలుగవలసిన మేలు అచట ఆరంభమగును.